స్వీయరచనలో పాఠకుడి వాటా

నాలుగేళ్ళ క్రితం మా నాన్న పోయినప్పుడు ఆయనను గురించి నేనొక వ్యాసం రాశాను. సంవత్సరీకం నాటికి బంధువులూ మిత్రులూ కలిసి వేసిన చిన్న పుస్తకంలో అది అచ్చయింది. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చదివి, కళాశాలలో పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి గనుక వ్యాసం బాగానే వచ్చిందనుకున్నాను. నలుగురూ మెచ్చుకున్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. వేంసూరులో ఉండే మా పెదనాయన ఒక్కడు మాత్రం ఏమీ అనలేదు. ఆయనకు చదువు రాదు. మనమడి చేత రెండుసార్లు చదివించుకుని విన్నాడట. పండగకు వెళ్ళినప్పుడు మాటల మధ్యలో, “ఏరా, దాంట్లో మీ నాయన ఏడున్నాడు?” అన్నాడు.

నేను తెల్లబోయాను. పది పేజీల నిండా మా నాన్నే ఉన్నాడని నా నమ్మకం.

“అంతా నువ్వు బాధపడ్డదే ఉన్నది. ఆయన చేసిందేదీ లేదు. నీ చదువు కోసరం త్యాగం చేసిండని రాసినవు. త్యాగమేందిరా? ఎద్దునమ్మిండు” అన్నాడు పెదనాయన.

నేను డిగ్రీలో చేరిన సంవత్సరం మా నాన్న ఉన్న జత ఎద్దుల్లో ఒకదాన్ని అమ్మాడు. రెండూ అమ్మితే సేద్యం పోతుంది. ఏదీ అమ్మకపోతే నా చదువు పోతుంది. ఒంటి ఎద్దు మిగిలినవాడు మరో ఒంటి ఎద్దువాడితో కలవాలి. మా నాన్న మూడేళ్ళపాటు అలా పొరుగు రైతుతో కలిసి, ముందు ఆయన చేను దున్ని, తరువాత తన చేను దున్నుకున్నాడు. అదను ఎవరి కోసమూ ఆగదు గనుక ఆ మూడేళ్ళూ మా చేలో విత్తనం ఆలస్యంగానే పడింది. జత విడిపోయిన ఎద్దు కొన్నాళ్ళు మేత సరిగా ముట్టలేదట. ఇవన్నీ నాకు బొత్తిగా తెలియని సంగతులు కావు. సగం తెలుసు, తక్కిన సగం తెలుసుకోవాలని ఎన్నడూ అనిపించలేదు. “త్యాగం” అనే మాట చేతికి దొరకగానే ఇక వెతకవలసింది ఏమీ లేదనుకున్నాను.

విమర్శ వ్యాసాన్ని ఇలా సొంత గొడవతో మొదలుపెట్టటం అంత మర్యాద కాదని నాకు తెలుసు. కాని ఇక్కడ చర్చించదలచిన ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా పెదనాయన నోటినుంచి వచ్చింది. ఒక మనిషి తన బతుకును గురించి తానే చెప్పుకుంటూ ఉంటే ఏ సంబంధమూ లేని మరో మనిషి దాన్ని ఎందుకు చదవాలి? చదివినప్పుడు ఏ చోట కదులుతాడు? ఏ చోట మర్యాదకోసం తల ఊపి ఊరుకుంటాడు?

దీనికి మనవాళ్ళు సాధారణంగా చెప్పే జవాబు నిజాయితీ అని. “నిజాయితీగా రాశాడు, అందుకే హృదయాన్ని తాకింది” అని పుస్తక సమీక్షల్లో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. ఈ జవాబు నాకు చాలదు. నా వ్యాసంలో నిజాయితీకి లోటు లేదు. రాస్తున్నప్పుడు నేను ఏడ్చాను. ఆ ఏడుపు నటన కాదు. అయినా మా పెదనాయనకు అందులో తన తమ్ముడు కనపడలేదు. తాగినవాడు చెప్పుకునే కష్టాలలో కూడా నిజాయితీ ఉంటుంది. దాన్ని ఎవరూ సాహిత్యమనరు. రాసేవాడి మనస్సులో ఏముందన్నది రాసేవాడికి సంబంధించిన విషయం. పాఠకుడికి అందేది కాగితం మీద ఉన్నదే.

రెండో జవాబు శైలి. వాడుకభాషలో, తేటగా, చెవిలో చెప్పినట్టుగా రాస్తే స్వీయరచన రాణిస్తుందని అంటారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి “అనుభవాలూ–జ్ఞాపకాలూనూ” విషయంలో ఇది చాలావరకు నిజమే. ఆయన వాక్యం చదువుతూంటే పక్కన కూచుని మాట్లాడుతున్నట్టుంటుంది. కాని కందుకూరి వీరేశలింగం “స్వీయ చరిత్రము” గ్రాంథికంలో ఉంది. పైగా దానిలో చాలా భాగం వ్యాజ్యంలో దాఖలుచేసిన కాగితాల కట్టలాగా, ఎవరు ఎప్పుడు ఏ అపకారం చేశారో, దానికి తానేమని సమాధానమిచ్చాడో వివరిస్తూ సాగుతుంది. నేటి పాఠకుడికి విసుగు పుట్టే పేజీలు అందులో తక్కువేమీ కావు. అయినా కొన్ని ఘట్టాల దగ్గర ఆ గ్రాంథికమే మనల్ని ఆపి నిలబెడుతుంది.

అలాంటి ఘట్టం ఒకటి చెబుతాను. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిగింది. దాని చుట్టూ రేగిన అలజడి మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నదే. “సంఘ బహిష్కరణ” అనే మాట కూడా అక్కడ నేర్చుకున్నదే. ఆ మాటకు అర్థం మాత్రం నాకు స్వీయచరిత్ర చదివినదాకా తెలియలేదు. వంటమనిషి రాదు. నీళ్ళు మోసేవాళ్ళు రారు. రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్ళి బిందె ముంచుకుని తానే నీళ్ళు తెచ్చుకుంటుంది. పెళ్ళివారికి తానే వండుతుంది. సంఘ సంస్కరణ అనేది సభల్లో ఉపన్యాసం కాదనీ, తెల్లవారి లేచేసరికి ఇంట్లో నీళ్ళు ఎవరు తేవాలనే సమస్య అనీ ఆ బిందె దగ్గర అర్థమవుతుంది. ఆవిడ మానుకోవచ్చు. మానుకోమని చెప్పేవాళ్ళు చుట్టూ ఉన్నారు. భర్త ఉపన్యాసం ఇచ్చి వచ్చి పడుకోగలడు; బిందె మోయవలసింది ఆవిడ. ఈ మాటలు వీరేశలింగం అనలేదు. నేను అంటున్నాను. నాచేత అనిపించటంలోనే ఆ ఘట్టం బలమంతా ఉంది.

ఇప్పుడు నా ఉద్దేశం చెబుతాను. ఎవరి బతుకులోనైనా రెండు దారులు ఎదురుపడి, ఎటు పోయినా ఏదో ఒకటి పోగొట్టుకోక తప్పని చోట్లు కొన్ని ఉంటాయి. స్వీయరచన పాఠకుడికి పట్టేది ఆ చోట్లలోనే. అయితే అక్కడికి వచ్చినప్పుడు రచయిత ఒక పని చేయాలి. ఒక పని మానాలి. ఆ రెండు దారుల్లో ఏముందో వస్తువులతో సహా చూపాలి. తీర్పు చెప్పటం మానాలి. పాఠకుడు ఆ నిలబడిన మనిషి పక్కన తానూ నిలబడి, “నేనైతే ఏం చేసేవాణ్ణి?” అనుకుంటాడు. అంతవరకు అది ఇంకొకరి బతుకు. అలా అనుకున్న క్షణంనుంచి అందులో పాఠకుడికి వాటా వస్తుంది. “త్యాగం”, “ఔదార్యం”, “కన్నతల్లి ప్రేమ” అని రచయితే తీర్పు రాసి సంతకం పెట్టేస్తే పాఠకుడికి పని ఉండదు. అతను తల ఊపి పేజీ తిప్పేస్తాడు.

వివరాలు పోగుచేస్తే చాలునా అని ఎవరైనా అడగవచ్చు. చాలదు. ఏ సభకు ఎవరెవరు వచ్చారో, ఏ పూట ఏం భోంచేశారో, ఏ పెద్దమనిషి తన భుజం ఎలా తట్టాడో పూసగుచ్చినట్టు రాసిన జ్ఞాపకాల పుస్తకాలు మన గ్రంథాలయాల్లో దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. వివరం నిర్ణయంతో ముడిపడి ఉండాలి. ఎద్దు గొప్ప వివరమేమీ కాదు. మా ఊళ్ళో అప్పుడు ఇంటింటా ఎద్దులున్నాయి. ఆ సంవత్సరం మా ఇంట్లో నిర్ణయం ఆ ఎద్దు మీద ఆగింది గనుక అది వివరమైంది.

ఇక్కడ మన అభ్యుదయ రచయితల సంగతి కొంత మాట్లాడక తప్పదు. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన సంఘం ఏర్పడిన నాటినుంచీ మనలో “నేను” అనే మాట మీద ఒక అనుమానం ఉంటూ వచ్చింది. ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. అంతకు ముందు పాతికేళ్ళుగా భావకవులు తమ విరహాన్ని తామే పాడుకుంటూ, లోకంలో తమ కన్నీరు తప్ప మరో నీరు లేదన్నట్టు రాశారు. వాళ్ళ “నేను”ను తిరస్కరించటం ఆనాటి అవసరం. కాని ఆ తిరస్కారం తరువాత ఒక అలవాటుగా మారింది. సొంత బతుకు గురించి రాయటం వ్యక్తివాదమనీ, రాయవలసి వస్తే “మేము” అని రాయాలనీ, ఆ “మేము” ఎప్పుడూ తీర్మానాల్లోనూ ఊరేగింపుల్లోనూ కనపడాలే గాని పొయ్యి దగ్గర కనపడకూడదనీ ఒక రివాజు వచ్చింది. (సంఘానికి మొదటి అధ్యక్షుడైన తాపీవారే “రాలూ రప్పలూ” అని తన చిన్ననాటి ముచ్చట్లు హాయిగా రాసుకున్నారు. శిష్యులు గురువులకంటె నిష్ఠాపరులు కావటం మనకు కొత్త కాదు.)

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మీద వచ్చిన పుస్తకాలు చూస్తే ఈ రివాజు ఫలితం తెలుస్తుంది. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన “వీర తెలంగాణ విప్లవ పోరాటం – గుణపాఠాలు” లేకపోతే ఆ పోరాటాన్ని ఈనాడు ఎవరూ సమగ్రంగా తెలుసుకోలేరు. అది చరిత్ర, స్వీయరచన అని అది చెప్పుకోలేదు కూడా. దాన్ని తప్పు పట్టటం నా ఉద్దేశం కాదు. కాని ఆ తరువాత అనుభవాలూ జ్ఞాపకాలూ అనే పేరుతో వచ్చిన చిన్నాచితకా పుస్తకాలు చాలా వరకు ఆ చరిత్రకే సంక్షిప్త ప్రతుల్లాగా తయారయ్యాయి. రాసినవాడు అడవిలో నాలుగేళ్ళు ఉన్నాడు. ఆకలికి మాడాడు. తోటివాడి శవాన్ని వదిలి పరుగెత్తాడు. పుస్తకంలో మాత్రం జిల్లా కమిటీ నిర్ణయాలున్నాయి. ఇతను భయపడ్డాడా? ఎవరినైనా అనవసరంగా అనుమానించాడా? 1951 అక్టోబరులో పోరాటం విరమించిన తరువాత ఇంటికి వచ్చి ఏం చేశాడు? వీటికి జవాబు ఉండదు.

1986లో స్త్రీశక్తి సంఘటనవారు “మనకు తెలియని మన చరిత్ర” ప్రకటించారు. పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ చేత చెప్పించి, టేపుల మీద రికార్డు చేసి, వాళ్ళ మాటల్లోనే అచ్చువేసిన పుస్తకం అది. తరువాత 1989లో ఇంగ్లీషులోకీ వెళ్ళింది. అందులో మాట్లాడినవాళ్ళలో చాలామంది తాము రచన చేస్తున్నామని అనుకోలేదు. తెలిసినవాళ్ళు వచ్చి అడిగితే చెప్పారు. నా దృష్టిలో గత యాభై ఏళ్ళలో తెలుగులో వచ్చిన స్వీయరచనల్లో అంత బలమైనది మరొకటి లేదు.

ఆ పుస్తకంలో కమలమ్మ తన బిడ్డను గురించి చెప్పిన సంగతి చదివినవాళ్ళు మరచిపోలేరు. అడవిలో దళంతో తిరుగుతున్న కాలంలో ఆమెకు బిడ్డ పుట్టాడు. పసివాడు ఏడిస్తే పోలీసులకు చోటు తెలిసిపోతుంది; దళం ప్రాణాలు పోతాయి. దళం వదిలిపెట్టి పోవటానికీ దారి లేదు. బిడ్డను ఇతరులకు ఇచ్చివేయవలసి వచ్చింది. ఈ సంగతినే చరిత్రకారుడు రాస్తే “వీరవనితల అపూర్వ త్యాగం” అని ఒక వాక్యం వస్తుంది, వచ్చింది కూడా. నా పది పేజీల వ్యాసంలో ఉన్న మాటే అక్కడా ఉంది. కమలమ్మ చెప్పినప్పుడు ఆ మాట అవసరం కలగలేదు. వింటున్న మనకు రెండు భయాలు ఒకేసారి పట్టుకుంటాయి: బిడ్డ ఏడుస్తాడేమోనన్న భయం, ఏడవకుండా పోతాడేమోనన్న భయం. ఆమె చేసింది ఒప్పా తప్పా అనే ప్రశ్న మన చేతిలో మిగిలిపోతుంది. పార్టీ అలా అడగవచ్చునా అనే ప్రశ్న కూడా మిగిలిపోతుంది. మన నాయకుల జ్ఞాపకాల్లో లేనిది ఈ రెండో ప్రశ్నే. దాన్ని తలపెడితే ఉద్యమానికి నష్టమని వాళ్ళు భావించి ఉండవచ్చు. కాని ఆ పుస్తకం చదివి పోరాటం మీద గౌరవం పోగొట్టుకున్న పాఠకుణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. పెరిగినవాళ్ళను చాలామందిని చూశాను. తమ తరగతివాళ్ళు ఏం కోల్పోయారో తెలియకుండా ఏం గెలిచారో ఎవరికి అర్థమవుతుంది?

ఈ పుస్తకం విషయంలో ఇంకొక సంగతి గమనించాలి. అడిగినవాళ్ళకు అందులో భాగం ఉంది. మనిషి తనంతట తాను చెప్పుకున్నప్పుడు తనకు ఇష్టమైన చోట ఆగి, కష్టమైన చోట పరుగెత్తుతాడు. ఎదుట కూచున్న మనిషి “తరువాత ఏమైంది?” అని అడిగితే పరుగెత్తటం కుదరదు. మా పెదనాయన నన్ను అడిగింది ఆ ప్రశ్నే. ఒంటరిగా బల్ల ముందు కూచుని రాసుకునే రచయిత ఆ ప్రశ్నను తనకు తానే వేసుకోగలగాలి. ఇది చెప్పినంత సులువు కాదు.

వేసుకోగలిగినవాళ్ళలో కొండపల్లి కోటేశ్వరమ్మ ఒకరు. “నిర్జన వారధి” 2012లో వచ్చేనాటికి ఆవిడకు తొంభై దాటాయి. చిన్నతనంలోనే పెళ్ళి, వైధవ్యం, కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, ఉద్యమం, అజ్ఞాతవాసం, తరువాత భర్త విడిచిపోవటం, ముప్ఫై దాటిన తరువాత మళ్ళీ బడి చదువు, కాకినాడలో హాస్టలు మేట్రనుగా ఉద్యోగం, కన్నబిడ్డలిద్దరూ తనకంటె ముందే పోవటం. ఇంత బతుకును మరొకరైతే వెయ్యి పేజీలు రాసేవారు. రాసే హక్కూ ఉంది. ఆవిడ చిన్న పుస్తకంతో సరిపెట్టారు. ఎక్కడ మనం ఏడుపు వస్తుందని సిద్ధపడతామో అక్కడ ఆవిడ రెండు మూడు వాక్యాలు చెప్పి ముందుకు పోతారు. తనను విడిచిపోయిన మనిషిని దోషిగా నిలబెట్టి మన చేత రాళ్ళు వేయించే ప్రయత్నం చేయరు. అలాగని క్షమించేశానని గొప్పలూ పోరు. 2018లో నూరేళ్ళు నిండి ఆవిడ కన్నుమూసినప్పుడు మా కళాశాలలో ఆ పుస్తకంలోంచి కొన్ని పేజీలు చదివాను. తరగతిలో ఎవరూ కదల్లేదు. చివరికి ఒక కుర్రవాడు లేచి, “మరి ఆవిడ ఆయన్ని ఏమీ అనలేదేంటి సార్?” అని అడిగాడు. ఆ ప్రశ్న మీద గంటంతా వాదించుకున్నారు. అందరూ ఆవిడ పక్షమే. కాని ఆవిడ పక్షం అంటే ఏమిటో అన్నదాంట్లో నలుగురికి నాలుగు అభిప్రాయాలు. ఆవిడ తీర్పు చెప్పివుంటే ఆ గంట అలా గడిచేది కాదు.

దీన్నిబట్టి పొదుపుగా రాయటమే సూత్రమని నేను అనటం లేదు. శ్రీపాదవారికి పొదుపు బొత్తిగా తెలియదు. తిండి, బట్ట, గురుకులం, దారిలో కనపడ్డ మనుషులు, వాళ్ళ మాటతీరు అన్నీ విస్తరించుకుంటూ పోతారు. శ్రౌత స్మార్తాలు నమ్ముకున్న కుటుంబంలో పుట్టి, సంస్కృతం చదవవలసినవాడు తెలుగులో రాయాలని తహతహలాడటం ఆయన కథకు ఆయువుపట్టు. మనకిప్పుడు అదొక సమస్యగానే తోచదు. తెలుగువాడు తెలుగు రాస్తానంటే వద్దనేదెవరు? కాని ఆయన ఆ ఇంటిని అంత విస్తారంగా మన ముందు పెట్టబట్టే, ఆ ఇంట్లో తెలుగు రాయటమంటే తండ్రినీ అన్నలనూ కాదనటమని తెలుస్తుంది. ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. తనకు తెలిసిన మంచి దారినే కొడుకు కోసం కోరాడు. రెండు వైపులా న్యాయం ఉన్నది గనుకనే అది మనల్ని పట్టుకుంటుంది.

తనకు వ్యతిరేకమైన సాక్ష్యాన్ని తానే బయటపెట్టటం మరొక సంగతి. గాంధీజీ ఆత్మకథలో తండ్రి మరణ సమయంలో తాను పక్కన లేకపోవటం, ఎందుకు లేడో దాచకుండా చెప్పటం ప్రపంచమంతా చదివింది. ఆ ఒక్క అధ్యాయం కారణంగా తక్కిన అధ్యాయాల్లో ఆయన చెప్పే మంచి సంగతులను కూడా నమ్ముతాం. ఎప్పుడూ తానే ఒప్పయిన మనిషి కథను పాఠకుడు పైకి ఏమీ అనకుండానే సగానికి సగం కోసివేసి చదువుకుంటాడు. అయితే ఇప్పుడు దీనికీ ఒక ఫాషన్ వచ్చింది. తప్పులు ఒప్పుకోవటంలో పోటీపడి, ఆ ఒప్పుకోలు వల్ల ఇంకెవరి పరువు పోతుందో చూడకుండా రాసేవాళ్ళు తయారయ్యారు. భార్యాబిడ్డలు అడగని వెలుతురులోకి వాళ్ళను లాగి తాను మాత్రం సత్యసంధుడనిపించుకోవటం నాకు ధైర్యంగా తోచదు.

మా నాన్న మీద వ్యాసం విఫలమైన తరువాత నేను చదివిన పుస్తకాల్లో వై.బి. సత్యనారాయణగారి “మా నాయన బాలయ్య” నాకు పెద్ద పాఠం. 2011లో ఇంగ్లీషులో వచ్చి, తరువాత తెలుగైంది. రచయిత ఆచార్యుడు, చెప్పుకోదగిన సొంత కథ ఆయనకూ ఉంది. కాని పుస్తకం తండ్రి చుట్టూ తిరుగుతుంది. కరీంనగరు జిల్లా పల్లెనుంచి అంటరాని కుటుంబం ఒకటి రైల్వే ఉద్యోగం పట్టుకుని స్టేషనునుంచి స్టేషనుకు మారుతూ, పిల్లలను చదివించుకుంటూ పైకి రావటం దాని కథ. అక్కడ కూడా చదువే గమ్యం. అక్కడ కూడా తండ్రి తనను తాను కోసుకుంటాడు. కాని రచయిత తండ్రిని పొగడడు. ఆయన కాఠిన్యాన్నీ దాచడు. రైల్వే క్వార్టరు ఎంత ఉండేదో, అందులో ఎంతమంది ఉండేవారో, డ్యూటీ ఎప్పుడు మొదలయ్యేదో చెబుతాడు. ఊరు విడిచి రైలు పట్టాల పక్కకు రావటమంటే దొర చేతికింద నుంచి తప్పుకోవటమని మనకు అర్థమయ్యేది అందులోంచే. ఒక కుటుంబం కథ చదువుతూ తెలంగాణలో మూడు తరాల దళిత జీవితం చదివినవాళ్ళమవుతాం. సమాజాన్ని చూపటానికి వ్యక్తిని చెరిపివేయాలన్న మన పాత భయానికి ఈ పుస్తకాన్ని మించిన సమాధానం నాకు కనపడలేదు.

ఇక మా ప్రాంతం సంగతి. ఇటు సత్తుపల్లి బొగ్గు గనులు, అటు అశ్వారావుపేట పామాయిలు తోటలు, వాటి వెనుక నుంచి భద్రాచలం దాకా అడవి. ఈ అడవి మనుషులను గురించి రాసిన పుస్తకాలు లేకపోలేదు. గోదావరి కొండల్లోని రెడ్లను గురించి హైమెన్‌డార్ఫ్ 1945లోనే ఇంగ్లీషులో ఒక పెద్ద గ్రంథం వేశాడు. తరువాత అధికారులు రాశారు, పరిశోధకులు రాశారు, మనబోటి రచయితలూ నవలలు రాశారు. “వాళ్ళు” అని రాశారు. కోయవాళ్ళు “నేను” అని రాసిన పుస్తకాలు ఎన్ని మన పాఠ్యప్రణాళికల్లోకి వచ్చాయో నాతోటి ఉపాధ్యాయులే చెప్పాలి. 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు పత్రికల్లో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. ఎకరాలూ టీఎంసీలూ చదివాం. ఆ ఇళ్ళలో రాత్రి పడుకునేముందు ఏం మాట్లాడుకున్నారో మనకు తెలియదు.

ఈ విషయంలో నాకొక అపరాధం ఉంది. చెప్పి ముగిస్తాను.

పెదనాయన మాట తగిలిన తరువాత నేను తరగతిలో “మా ఇల్లు” అని వ్యాసం రాయమన్నాను. ముప్ఫై ఐదు మంది రాశారు. ముప్ఫై నాలుగింటిలో ఇల్లు దేవాలయం, అమ్మ దేవత, నాన్న శ్రమజీవి. ముంపు మండలంనుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కోయ అమ్మాయి ఒకతె మాత్రం పేజీన్నర రాసింది. వాళ్ళింటి ముందు చింతచెట్టు ఉంది. నష్టపరిహారం లెక్కకోసం వచ్చినవాళ్ళు దానికి ఎర్రరంగుతో నంబరు వేశారు. వాళ్ళ నాయనమ్మ ఆ రాత్రి పేడ తెచ్చి ఆ నంబరు మీద అలికింది. తెల్లవారి వాళ్ళ నాన్న నీళ్ళు పోసి కడిగాడు. నంబరు కనపడకపోతే చెట్టుకు డబ్బు రాదు. మళ్ళీ రాత్రి నాయనమ్మ అలికింది. ఇద్దరూ ఒకరితో ఒకరు ఏమీ అనుకోలేదు. నాలుగు రోజులు ఇలా జరిగింది. నంబరు ఎంతో కూడా రాసింది ఆ అమ్మాయి.

వ్యాసం అక్కడితో ఆగిపోయింది. నేను ఏం చేశాను? ఎర్రసిరా కలంతో కింద “ముగింపు లేదు. అభివృద్ధి పేరుతో గిరిజనులకు జరుగుతున్న అన్యాయం గురించి రెండు వాక్యాలు చేర్చి రాయి” అని రాశాను. ఎద్దు సంగతి విని ఏడాది కూడా కాలేదు అప్పటికి. పరీక్షల్లో మార్కులు ముగింపుకే వేస్తారు గనుక ఆ అమ్మాయి మేలు కోరే రాశానని చెప్పుకోవచ్చు. అదీ అబద్ధం కాదు. ఆ అమ్మాయి బుద్ధిగా రెండు వాక్యాలు చేర్చి తెచ్చింది. ఆ వాక్యాల్లో తప్పేమీ లేదు. నేను సభల్లో చెప్పే మాటలే. అవి చేరగానే నాయనమ్మా నాన్నా ఇద్దరూ వ్యాసంలోంచి లేచి వెళ్ళిపోయారు. పేడ అలికినావిడ ఒప్పు, కడిగినాయన ఒప్పు అన్న సంగతి పోయి, అన్యాయం అనే మాట ఒక్కటే మిగిలింది.

సంవత్సరాంతంలో కళాశాల పత్రికకు ఆ వ్యాసం వేస్తామన్నప్పుడు ఆ అమ్మాయిని పిలిచి, నేను చేర్పించిన రెండు వాక్యాలూ కొట్టివేయమన్నాను. “వద్దా సార్?” అంది. వద్దన్నాను. కొట్టేసింది. వెళుతూ వెళుతూ, “మా నాయనమ్మ ఇప్పటికీ కాలనీలో ఉండనంటది సార్, అదీ రాయాల్నా?” అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నీకు రాయాలనిపిస్తే రాయి అన్నాను. రాయలేదు.

మా నాన్న మీద వ్యాసం మళ్ళీ రాయటం మొదలుపెట్టాను. రెండు పేజీలయింది. ఎద్దు ఎంతకు పోయిందో పెదనాయనకు గుర్తులేదు. కొన్నాయన మా ఊళ్ళోనే ఉన్నాడు. ఈ సెలవుల్లో వెళ్ళి అడగాలి.